వంటింటి నిప్పు

మొన్న మా కొత్త ఫ్యాక్టరీలో కొలిమి వెలిగించమని నన్ను పిలిచారు. మీట నొక్కితే చాలన్నారు. పొగ లేదు, బూడిద లేదు. నొక్కి, అక్కడే కుర్చీలో కూలబడ్డా. ఇది ఎన్నో ఫ్యాక్టరీయో కూడా గుర్తు లేదు.

మా నాన్న జగ్గయ్యపేటలో మొదటి సున్నపు బట్టీ పెట్టినప్పుడు, మా వంటింటి పొయ్యిలో నిప్పు తీసుకెళ్లి అంటించాడట. అది కలిసొచ్చిందని, తర్వాత ఏది మొదలుపెట్టినా అదే ఆనవాయితీ అయింది. అమ్మ కుంపట్లోకి నిప్పులు ఎత్తి ఇచ్చేది. కొత్తది ఒకటి లేచినప్పుడల్లా నాన్న ఇంట్లో కనపడటం ఇంకాస్త తగ్గేది. మా నిప్పు ఎటు వెళితే నాన్న అటు వెళ్లిపోతాడని ఆరేళ్ల నాకు గట్టి నమ్మకం.

నందిగామలో ఇనప పోత కొలిమికి ముహూర్తం పెట్టిన రోజు, అమ్మ పెరట్లోకి వెళ్లగానే పొయ్యిలో గ్లాసుడు నీళ్లు పోశా. బుస్సుమని బూడిద లేచింది. అమ్మ పరుగున వచ్చింది.

"ఏమైందే?" వాకిట్లోంచి నాన్న కేకేశాడు.

"పాలు పొంగాయండీ," అంది అమ్మ.

బూడిద కెలికితే అడుగున ఒక్క నిప్పు మిగిలుంది. దాన్నే చూస్తూ కాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత గొట్టంతో ఊది ఊది రాజేసి, కుంపట్లో పెట్టి పంపింది.

నాన్న కారు వెళ్లిపోయాక, తడిసిన పొయ్యి అలుకుతూ మెల్లిగా అంది: "పోసేదానివి చెంబెడు పొయ్యకపోయావటే."

తిడుతోందనుకుని ఏడ్చా. అది తిట్టు కాదని మొన్న ఆ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది.