స్తంభం ఎదురుగా ఉన్నప్పుడే

నిడదవోలు నుంచి రాజమండ్రి ఎంతో దూరం కాదు. ఆ రోజు మాత్రం మా ప్యాసింజరు ప్రతి స్టేషన్లోనూ మకాం వేసింది. అమ్మ రొమ్ములో గడ్డ నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు కోసమే వెళ్తున్నాం. నాకు కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే తలుపు దాకా వెళ్ళి సిగ్నల్ చూడాలనిపించేది.

"నువ్వు తోస్తే కదలదు గానీ, కూర్చోవే" అంది అమ్మ, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ.

కొవ్వూరు దాటి రైలు వంతెన ఎక్కగానే పెట్టెలో అందరి చేతుల్లోకీ రూపాయి బిళ్ళలు వచ్చేశాయి. అమ్మ కూడా ఒకటి కళ్ళకద్దుకుని ఊచల మధ్య నుంచి గోదారిలోకి విసిరింది. అది వంతెన ఇనుప స్తంభానికి ఖంగుమని తగిలి పట్టాల పక్కన పడింది. అమ్మ ముఖం పాలిపోయింది.

"తల్లి తీసుకోలేదే."

నాకు ఒళ్ళు మండింది. హైస్కూల్లో ఫిజిక్సు చెప్పేదాన్ని. భయమేస్తే పాఠం చెప్పడం నా జబ్బు. ఆమె ఒళ్ళోంచి ఒక వేరుశెనక్కాయ తీసి పైకెగరేసి పట్టుకున్నాను.

"రైలు పరిగెడుతోంది కదా, ఇది వెనక సీట్లో పడలేదేం? ఎందుకంటే ఇదీ మనతోపాటే పరిగెడుతోంది. నీ బిళ్ళా అంతే. చెయ్యి వదిలాక కూడా రైలుతోపాటే ముందుకెళ్తుంది. నువ్వు ఖాళీ చూసి వేశావు. అది అక్కడికి చేరేసరికి ఖాళీ వెనక్కిపోయి స్తంభం వచ్చింది. గోదారికి నీ మీద కోపమేం లేదు."

"మరెప్పుడెయ్యాలి?"

"స్తంభం సరిగ్గా నీ ఎదురుగా ఉన్నప్పుడు. బిళ్ళ వెళ్ళేలోపు అది తప్పుకుంటుంది."

"ఎదురుగా అడ్డం కనబడుతుంటే చెయ్యెలా వస్తుందే?" అంది అమ్మ, నమ్మకం లేకుండా. అప్పటికే వంతెన అయిపోయింది.

ఆసుపత్రిలో ఎక్కువసేపు పట్టలేదు. క్యాన్సరే అన్నారు డాక్టరుగారు. ఆపరేషను వెంటనే చెయ్యాలన్నారు. "ఎప్పుడు రమ్మంటారండీ?" అని అమ్మే అడిగింది.

సాయంత్రం తిరుగు రైల్లో కిటికీ పక్కన నేను కూర్చున్నాను. వంతెన మొదలైంది. కింద ఎర్రటి నీళ్ళు. స్తంభాలు ఒకదాని వెనక ఒకటి ముఖం మీదికొచ్చి పోతున్నాయి. అమ్మ పర్సులోంచి అడక్కుండానే ఒక బిళ్ళ తీసుకున్నాను. నా జన్మలో గోదారికి బిళ్ళ వెయ్యలేదు. స్తంభాల మధ్య వెలుతురు కనబడగానే విసిరేశాను.

ఖంగుమంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఎదుటి సీటు వాళ్ళు చూస్తున్నారని తెలిసినా ఆగలేదు. అమ్మ మాత్రం నవ్వింది.

"ఖాళీ చూసి వేశావు. పొద్దున్న నాకేం చెప్పావే?"

ఇంకో బిళ్ళ నా అరచేతిలో పెట్టి, నా మణికట్టు పట్టుకుని కిటికీ దగ్గరికి తెచ్చింది. ఒక స్తంభం పోనిచ్చింది. ఇంకొకటి పోనిచ్చింది. ఆమె వేళ్ళు వణకడం లేదు. మూడోది మా ఇద్దరి ముఖాలకూ అడ్డంగా వచ్చింది.

"ఇప్పుడెయ్యి."

వేశాను. చప్పుడేమీ రాలేదు.