బొట్టుకు బొట్టు కలిపి బిగించిన టైమింగ్ బెల్టు

మా చిన్నప్పుడు నాయిన కొట్టి నేర్పిన పనిని నా తమ్ముడు రాజేశం ఆరేళ్లుగా నలుగురిలో నవ్వులపాలు చేస్తున్నాడు... ఇన్నాళ్లు నోరు మూసుకున్నాను. ఇక మూసుకోను. నేను చదివింది మూడో తరగతి. అక్షరం తప్పైతే దిద్దుకుని చదవండి. విషయంలో మాత్రం తప్పు లేదు.

కొడిమ్యాల దగ్గర మాకు బావి కింద రెండెకరాలు. నాయిన పొద్దున్నే ఈత చెట్లు గీసేవాడు, దిగాక బావి మీది ఆయిల్ ఇంజన్ చూసుకునేవాడు. అది ఆగితే మెకానిక్కు కోసం జగిత్యాల పోయేది లేదు. గోనెసంచి పరిచి తనే విప్పేవాడు. విప్పేముందు, కల్లు పట్టే కుండకు, అదే లొట్టికి, పూసే సున్నం వేలికి అద్దుకుని, లోపలి రెండు పండ్ల చక్రాల మీద ఎదురెదురుగా చుక్క పెట్టేవాడు... మళ్లీ బిగించేటప్పుడు చుక్కకు చుక్క కలవాలి. అంతే చదువు.

ఒకసారి చుక్క పెట్టకముందే నేను బోల్టులు విప్పే పాన పట్టాను... వీపు మీద పడింది.

"గుర్తు లేకుంట ఇప్పితే అది ఇనుప సామానురా, ఇంజన్ గాదు" అన్నాడు.

తమ్ముడు ఒడ్డు మీద కూర్చుని జామకాయ తింటూ నవ్వాడు. వాడి చేతికి ఒక్కనాడూ గ్రీజు అంటలేదు.

కారు టైమింగ్ బెల్టుదీ అదే లెక్క. పైన ఒక పండ్ల చక్రం, కింద ఒకటి, రెంటినీ కలిపి తిప్పే రబ్బరు పట్టా. లెక్క తప్పి ఎక్కిస్తే లోపల వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగిపోతాయి.

ఆరేళ్ల కింద కోరుట్లలో వాడి ఇంటి ముందే వాడి కారుకు ఆ బెల్టు మార్చబోయాను. దసరా ముందురోజు చక్రాల మీద సున్నం చుక్కలు పెట్టి, పాతది తీశాను. కొత్త పట్టా చేతికొచ్చేసరికి పొద్దుపోయింది. దసరా నాడు పానలు పూజలో ఉంటాయి, ముట్టకూడదు. పండుగ మర్నాడు బిగిస్తానని చెప్పి, దసరా సాయంత్రం జమ్మికి పోయాను.

మరదలు పూజ చేసింది. తప్పేం లేదు, మనం సైకిల్‌కు కూడా చేస్తాం. తడిగుడ్డతో అంతా శుభ్రంగా తుడిచి, పై చక్రానికో బొట్టు, కింది చక్రానికో బొట్టు పెట్టింది... నా సున్నం పోయింది. తుడుస్తుంటే పై చక్రం కాస్త తిరిగినట్టుంది కూడా. నేనుంటే కంపెనీ వేసిన గాట్లు వెతికి సరిచేసేవాణ్ణి.

రాజేశానికి సిరిసిల్లలో అత్తగారింటికి పోయే తొందర. నేను జమ్మి ఆకు పట్టుకుని వచ్చేసరికి, పూజలో ఉన్న పానతోనే, బొట్టుకు బొట్టు కలిపి పట్టా ఎక్కించాడు. ఆగమనేలోపే తాళం తిప్పాడు... లోపల టకటక కొట్టుకుని ఆగిపోయింది.

ఇద్దరం వంగి చూశాం. ఎర్రగా రెండు బొట్లు.

"గివి నువ్వు పెట్టిన గుర్తులు గాదా అన్న?"

"నేను పెట్టింది సున్నంరా. కుంకుమ చూసి ఇంజన్ ఎవడు బిగిస్తడు?"

వాడు మెకానిక్కుకు ఫోన్ చేశాడు. మెకానిక్కు రాకముందే ఆ రెండు బొట్లూ బొటనవేలితో తుడిచేశాడు. మెకానిక్కు వచ్చాక, అన్నకు చదువు లేదు, చెప్తే వినడు, తనే బిగించిండు అని చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. పండుగపూట, మరదలి ముందు గొడవెందుకని ఊరుకున్నాను... అదే నేను చేసిన తప్పు.

అప్పటినుంచి ప్రతి పెండ్లిలో అదే కథ. మొన్న తంగళ్ళపల్లిలో భోజనాల బంతి మీద, నా ఎదురుగానే అన్నాడు:

"మా అన్న పాన పట్టిండంటే ఇంజన్‌కు పిండం పెట్టుడే."

అందరూ నవ్వారు. నా కొడుకూ నవ్వాడు. మా ఇంటి ట్రాక్టర్ మీద ఇప్పుడు నా సొంత కొడుకే నన్ను చెయ్యి వేయనివ్వడు. యాభై ఏళ్లు ఇంజన్లు విప్పిన చెయ్యి ఇది.

ఇంజన్ పోయినందుకు కాదు నా కోపం. తొందరలో ఎవడికైనా పొరపాటు అవుతుంది. నాయిన రోజుల్లో కల్లు తాగే మండువాలో మనుషులు తాము చెడగొట్టిన పనిని తామే చెప్పుకుని నవ్వేవాళ్లు... ఇప్పుడు అట్లాంటివాడు ఒక్కడూ కనబడడు. మీరు చూసి ఉంటే కింద రాయండి. మెల్లగానైనా కూడబలుక్కుని చదువుతాను.

రాజేశం, ఇది నీ ఫోన్లోకి కూడా వస్తుంది. వచ్చే ఆదివారం పొద్దుగూకేలోపు ఇక్కడే, ఇంతమంది ముందే చెప్పు... ఆ పట్టా ఎక్కించింది నువ్వా, నేనా?