కొర్రమట్టల మడుగుకు వేసిన కట్ట

2021 ఆగస్టు 18, బుధవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు నాకు ఫోన్ వచ్చింది. అప్పుడు నేను మహబూబాబాద్ జిల్లాలో, నెల్లికుదురు వైపు ఊళ్లకు మత్స్యశాఖ ఫీల్డ్‌మ్యాన్‌ని. శాఖలో నాకంటే కింది ఉద్యోగం లేదు. చెరువుల్లో చేపపిల్లలు వదలడం, ఎక్కడైనా చేపలు చస్తే నీళ్లు సీసాలో పట్టి, చచ్చిన చేపను ఐసులో పెట్టి పరీక్షకు పంపడం నా పని. ముప్పై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి. సీసా మీద చీటీ రాయడానికి ఆ చదువు సరిపోయింది.

ఫోన్ చేసింది కొమురయ్య. వాగులో చేపలు పట్టి బతికే మనిషి. "అన్నా, రొయ్యలు నీళ్లల్ల ఉంటలేవే, ఒడ్డుకెక్కుతున్నయి. జర జల్ది రా" అన్నాడు.

ఆ మాటతో నాకు సంగతి తెలిసిపోయింది. పురుగుమందు కలిస్తే వాగులో ముందు చచ్చేవి రొయ్యలు, ఎండ్రికాయలు, నీటిపురుగులు. పురుగును చంపడానికి చేసిన మందు వాటిని వదలదు. తర్వాత పరకలు, అంటే చిన్న చేపలు పోతాయి. పెద్ద చేప చివర పోతుంది. జనం మాత్రం పెద్ద చేప తేలినప్పుడే చూస్తారు.

నేను పోయేసరికి ఇద్దరు మనుషులు వాగు దాటే చోట తలవంచుకొని నిలబడ్డారు. ఒకరు పత్తి రైతు వెంకన్న, ఇంకొకరు ట్రాలీ ఆటో నడిపే యాకూబ్. కలిపిన మందు డ్రమ్ముతో వాగు దాటుతుంటే చక్రం గుంతలో పడింది. డ్రమ్ము దొర్లి నీళ్లలో ఒలికిపోయింది. పారిపోకుండా నిలబడ్డారు, అది మెచ్చాలి.

"ఏందిరా వెంకన్నా, పత్తికి కొట్టరా అంటే వాగుకు కొట్టినవా? వాగుకేం తెగులొచ్చిందిరా?" అని కొమురయ్య అరిచాడు.

"బండి ఒరిగిందే అన్నా, నేనేం జెయ్యాలె?" అన్నాడు వెంకన్న, ఏడుపు గొంతుతో.

కొమురయ్య కోపం ఊరికే కాదు. కొంచెం కింద, వాగు మలుపులో ఒక మడుగు ఉంది. సన్నటి మూతి ఒక్కటే దాన్ని వాగుతో కలుపుతుంది. అందులో జంట కొర్రమట్టలు, అంటే కొరమీను చేపలు, పిల్లలు పెట్టాయి. ఎర్రటి పిల్లలు ఉండకట్టినట్టు గుంపుగా తిరుగుతుంటే తల్లీతండ్రీ కింద కాపలా కాస్తాయి. పిల్లలు చెదిరిపోయేదాకా ఆ నీళ్లలో ఎవరూ వల వేయరు, గాలం వేయరు. అక్కడివాళ్ల కట్టుబాటు అది. కొమురయ్యకూ, ఆయన భార్య లచ్చమ్మకూ రాబోయే ఏళ్లలో దొరికే చేప ఆ పిల్లల్లోనే ఉంది.

వాన లేక వాగు మెల్లగా పారుతోంది. మందు ఇంకా మడుగు దాకా రాలేదు. మూతికి ఇసుక బస్తాలతో కట్ట వేయాలనుకున్నాం. లచ్చమ్మ, తండా నుంచి కూలికి పోతూ ఆగిన మంగ్లీ, ఇద్దరూ ఇళ్లకు ఉరికి ఖాళీ యూరియా బస్తాలు తెచ్చారు. వెంకన్న అందరికంటే ఎక్కువ ఇసుక ఎత్తాడు. కట్ట పూర్తయింది. బయట పరకలు తెల్లబడి కొట్టుకుపోతున్నాయి, లోపల ఎర్ర గుంపు పైకొచ్చి గుటకలు వేస్తోంది.

"సూడు, మనకన్న మంచిగున్నరు వాళ్లు. తిండికి తిండి, కావలికి కావలి" అని మంగ్లీ నవ్వింది. లచ్చమ్మ కూడా నవ్వింది.

మధ్యాహ్నం దాటాక పిల్లలు తిరగడం మానేశాయి. తర్వాత ఒక్కొక్కటే పొట్ట పైకి తేలింది. కట్ట గట్టిగానే ఉంది, చుక్క కూడా ఊరడం లేదు. నేను దిగి ఒక బస్తా లాగాను. మూల కుట్టులో తడిసిన గుళికలు కనబడ్డాయి. నాటేసిన పొలంలో పురుగు పోవడానికి గుళికల మందును యూరియాతో కలిపి చల్లుతారు. కలిపేది యూరియా బస్తాలోనే. ఆ బస్తా దులిపి మడిచి అటక మీద పెడతారు. అందరిళ్లలో అంతే. వాగులో అయితే ఆ కాస్త మందు కొట్టుకుపోయేదేమో. నీళ్లు కదలని మడుగులో అక్కడే ఉండిపోయింది.

లచ్చమ్మ బస్తా చేతిలోకి తీసుకొని చూసింది. "మొన్న మా మడిల జల్లిందే ఇది" అంది.

"తప్పు నాది వదినా. నా డ్రమ్ము పడకపోతే ఇదంత ఎందుకైతుండె?" అన్నాడు వెంకన్న.

"నీ మందు వాగుల పోయింది. మడుగుల పోసింది నేను" అని ఆమె గట్టు మీద కూలబడింది. కొమురయ్య పోయి ఆమె పక్కన కూర్చున్నాడు.

కొర్రమట్ట పైకొచ్చి గాలి పీల్చగలదు. తడి నేల మీద పాకి వేరే నీళ్లకు పోగలదు. ఆ జంట పోలేదు. తేలిన పిల్లల కిందే తిరిగాయి. మర్నాటికి అవీ తేలాయి.

వాగు నీళ్లు ఒక సీసాలో, మడుగు నీళ్లు ఇంకో సీసాలో పట్టి వేర్వేరు చీటీలు అంటించి పంపాను. వాగు మళ్లీ తేటగా పారింది. కానీ ఆ వానాకాలమంతా అక్కడ నత్త లేదు, నీటిపురుగు లేదు. పైనుంచి వచ్చిన చేప తినడానికేమీ లేక ఆగకుండా పోయింది.

నేను నేర్చుకున్నది ఇది. మందు తగిలిన బస్తా దులిపినా ఖాళీ కాదు. నీళ్లకు కట్ట వేయాలంటే రాయి, బంకమట్టి వాడాలి. బస్తా తప్పదంటే కొత్తది తేవాలి. రిటైరయ్యేదాకా ప్రతి ఊళ్లో ఇదే చెప్పాను. కొందరు విన్నారు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం: డ్రమ్ము తెచ్చిన వెంకన్న, ఆటో నడిపిన యాకూబ్, కూలి పోగొట్టుకొని సాయంత్రం దాకా ఉన్న మంగ్లీ, కొమురయ్య, లచ్చమ్మ, ఫీల్డ్‌మ్యాన్ రాజయ్య అనే నేను.