మాలూరు వచ్చేలోపల చెప్పాలి

నిన్న సాయంత్రం కృష్ణరాజపురంలో తోపుడుబండి మీద అనపకాయలు పోసి అమ్ముతుంటే ఒక కిలో కొన్నాను. ఇంటికి వచ్చి గింజలు వలుస్తుంటే ఆ జిడ్డు గోళ్ళకు పట్టుకుంది. సబ్బు పెట్టి కడిగినా వాసన పోలేదు. చలికాలపు అనపకాయ వాసన తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, తెలియనివాళ్ళకు చెప్పినా లాభం లేదు. ఆ వాసన తగిలితే నాకు వంటిల్లు గుర్తుకు రాదు, రైలు గుర్తుకు వస్తుంది. మారికుప్పంలో పొద్దున్నే బయలుదేరి బెంగళూరు పోయే రైలు, అందులో ఆడవాళ్ళ పెట్టె, కిటికీ పక్కన ఒళ్ళో స్టీలు డబ్బా పెట్టుకుని రాత్రి నానబోసిన గింజలను ఒక్కొక్కటే పితుకుతూ కూర్చున్న కమలమ్మ టీచరు. సాయంత్రం ఇల్లు చేరగానే పితికిపప్పు కూర చేసుకోవాలని ఆమె తొందర.

టీచరుది ఆండర్సన్‌పేట. బంగారు గనులు నడిచిన రోజుల్లో అక్కడి బడిలో తెలుగు చెప్పడానికి చేరారు. గనులు మూతపడ్డాక కుటుంబాలు ఒక్కొక్కటే చెదిరిపోయి, తెలుగు చదివే పిల్లలు తగ్గుతూ తగ్గుతూ చివరికి ఆ విభాగాన్నే ఎత్తేశారు. ఆ తరువాత ఆమె వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక ప్రైవేటు బడిలో చేరి రోజూ రైల్లో పోయి వచ్చేవారు. "పిల్లోళ్ళు నా దగ్గరికి రాకుంటే నేనే పోతా ఉండాను పాపా" అనేవారు. నేను శ్రీనివాసపురం పక్క గౌనిపల్లిలో పుట్టినదాన్ని. పెళ్ళయి ఆండర్సన్‌పేటకు వచ్చాను. మా ఆయన అక్కడ ఆటో సామాన్ల అంగడి నడిపేవాడు, నేను బెంగళూరులో ఒక బట్టల కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగానికి పోయేదాన్ని. రైల్లో కొందరు పూలు కట్టేవారు, కొందరు కునుకు తీసేవారు, నేను కథలు రాసేదాన్ని. మా ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. మా పక్క ఇది వింతేమీ కాదు. తెలుగులో పోట్లాడుకుని కన్నడంలో సంతకం పెట్టే ఊళ్ళు మావి. అందుకని కథలు కన్నడంలోనే రాసి వారపత్రికలకు పంపేదాన్ని. పంపినవి పంపినట్టే తిరిగి వచ్చేవి.

ఒకరోజు పక్కన కూర్చున్నావిడ నా భుజం మీదుగా చదువుతున్నారని తెలిసి చటుక్కున కాగితాలు మూసేశాను. ఆవిడ ఏమాత్రం సిగ్గుపడలేదు. "ఆ కథలో ఉండేది మీ అవ్వేనా?" అని అడిగారు. అవునన్నాను. "ఇంట్లో ఏం మాట్లాడతారు?" తెలుగేనన్నాను. "అట్లయితే మీ అవ్వకు ఇంత చక్కటి కన్నడం ఎవురు నేర్పించిరి?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "తెలుగు రాయడం నాకు రాదు" అన్నాను, కొంచెం గట్టిగానే. "రాయడం రాకుంటే ఏమి? చెప్పడం వచ్చును కదా. చెప్పు" అన్నారు. అదే మా పరిచయం. ఆవిడే కమలమ్మ టీచరు అని తరువాత తెలిసింది.

అప్పటి నుంచి ఆమె నాకొక నియమం పెట్టారు. బంగారపేటలో బండి కదలగానే కథ మొదలుపెట్టాలి, మాలూరు వచ్చేలోపల ముగించాలి. మాలూరులో జనం ఎక్కేస్తారు, ఆ తరువాత ఎవరి మాటా ఎవరికీ వినపడదు. కథ వినడానికి ఎదురు సీటులో మేరీ ఉండేది. ఆమె కుట్టు మిషను పనికి పోయే మనిషి, ఇంటి మాట అరవం, తెలుగు సగం అర్థమవుతుంది. కథ బాగుంటే మేరీ "అప్పురం?" అంటుంది, ఆ తరువాత ఏమైందని. బాగుండకపోతే నిద్రపోతుంది. అంతకంటే పెద్ద పరీక్ష నాకు ఏ పత్రికా పెట్టలేదు. మొదటిరోజు నేను సూర్యోదయంతో మొదలుపెట్టాను. తూర్పు కొండ, ఎర్రటి ఆకాశం, పక్షుల కిలకిల, ఏదీ వదలలేదు. మధ్యలో తేకల్లు స్టేషను రాకముందే మేరీ తల వెనక్కి వాల్చేసింది. "నీ సూర్యుడు లేచినాడు, మేరీ పండుకునింది" అన్నారు టీచరు.

మరునాడు సూర్యుణ్ణి మానేసి మా అత్తతో గొడవ పడిన ఆవుతో మొదలుపెట్టాను. మేరీ కళ్ళు తెరుచుకునే ఉంది. ఇట్లా పోను పోను నాకే తెలిసివచ్చేది, ఎక్కడ మాట సాగదీస్తున్నానో, ఎక్కడ ముఖ్యమైనది మింగేస్తున్నానో. టీచరు పొగిడేవారు కాదు. డబ్బాలో గింజలు పితుకుతూనే వినేవారు. "ఆమెకు ఏడుపొచ్చింది అని నువ్వే చెప్పేస్తే ఇంగ నేనేం ఏడ్చేది పాపా?" అనేవారు. ఒకసారి ఆమెనే అడిగాను, మీరు రాయరా టీచర్ అని. ఒకప్పుడు రాసేవారట. "బాగానే రాస్తా ఉంటిని. ఒక్క తప్పు లేకుండా రాస్తా ఉంటిని" అని నవ్వారు. ఆ నవ్వు నాకు అప్పుడు అర్థం కాలేదు.

అట్లా చెప్పినవాటిలో ఒకటి మా అవ్వ కథ. అవ్వ కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఇంటి లోపలి గదిలో పట్టుపురుగులు పెంచేవారు. ఆ పురుగులన్నీ ఒక్కసారి మల్బరీ ఆకు తింటుంటే అచ్చం వాన పడుతున్న చప్పుడవుతుంది. అవ్వకది తెలియదు. ఒక మధ్యాహ్నం ఆకు వేస్తూ ఆ చప్పుడు విని, వాన వచ్చిందనుకుని బయటికి పరిగెత్తి, వాకిట్లో ఆరబోసిన రాగులను చాపలతో సహా లోపలికి ఈడ్చేసింది. బయట చూస్తే ఫెళ్ళున ఎండ. ఇల్లంతా పడీపడీ నవ్వింది. తాత బతికినన్నాళ్ళూ వచ్చినవాళ్ళకల్లా ఈ కథ చెప్పి నవ్వేవాడు. అవ్వ లేచి లోపలికి వెళ్ళిపోయేది. కథ మాలూరు కంటే ముందే అయిపోయింది, మేరీ నాలుగైదుసార్లు "అప్పురం?" అంది. టీచరు డబ్బా మూత పెట్టి, "ఇది రాయి" అన్నారు.

తెలుగు మాటల్నే కన్నడ అక్షరాల్లో రాసి ఇచ్చాను. టీచరు దాన్ని తెలుగు అక్షరాల్లోకి ఎత్తి రాశారు. ముత్యాల్లాంటి దస్తూరీ ఆమెది. చిత్తూరు వైపు నుంచి వచ్చే ఒక చిన్న మాసపత్రికకు పంపితే అచ్చు వేశారు. పత్రిక చేతికి వచ్చిన రోజు నా కథను నేనే చదువుకోలేక, నా పేరు ఎక్కడుందో టీచరు వేలు పెట్టి చూపిస్తే చూసుకున్నాను. సంతోషానికి మాత్రం తక్కువ లేదు. నాకు ఇక ఒకటే కోరిక, అవ్వ వినాలి. అవ్వ బాగా పెద్దదైపోయింది. తన బతుకు కూడా కథ అయిందని, అచ్చులోకి ఎక్కిందని ఆమె తెలుసుకోవాలి. టీచరు చేత చదివించి ఫోన్లో రికార్డు చేసుకుని గౌనిపల్లికి పోయాను.

అవ్వ మా చిన్నాన్న ఇంటి వాకిట్లో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా శ్రద్ధగా వింది. అయిపోయాక తల ఊపింది. "బాగుండాదమ్మా. ఆయమ్మ బాగా చదివినాది" అంది. ఇంకా ఏదో అంటుందని ఎదురుచూశాను. "పాపం, ఆ పిల్లది యా ఊరు?" అని అడిగింది.

"ఎవరి కథో తెలియలేదా అవ్వా?"

"మన పక్క మాట కాదు కదా. ఆంధ్రా ఆమె అయి ఉంటుంది. యాడైనా రేష్మె పురుగులు అవే కదమ్మా" అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

సోమవారం రైల్లో ఈ సంగతి టీచరుతో చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఆమె నవ్వలేదు. నా కన్నడ కాగితాలు, పత్రిక రెండూ అడిగి తీసుకుని పక్కపక్కన పెట్టుకుని చదవసాగారు. మాలూరు వచ్చింది, జనం ఎక్కారు, ఆమె తల ఎత్తలేదు. దిగే ముందు మెల్లగా అన్నారు, "నేను ఒక్క మాట కూడా మార్చలేదనే అనుకుంటిని పాపా." అవ్వ నోట నేను రాసిన "ఉండాది" అంతా "ఉంది" అయిపోయింది. "యాడ" కాస్తా "ఎక్కడ" అయింది. అవ్వ తిట్టిన తిట్టు ఒకటి మాయమై అక్కడ నిట్టూర్పు వచ్చింది. రైల్లో మాతో నోరారా "ఉండాది" అని మాట్లాడే మనిషే, కలం పట్టేసరికి బడి టీచరు అయిపోయారు. తెలిసి చేసింది కాదు.

మరునాడు ఆమె తేల్చి చెప్పేశారు. "ఇంగ నేను రాసియ్యను. నా చెయ్యి ఊరుకోదు. అక్షరాలు నేర్పిస్తా, నువ్వే రాసుకో." నాకు కోపం వచ్చింది. ఇంత వయసులో అ ఆలు దిద్దుకోవడమా, అదీ రైల్లో, అందరి ముందు? అవ్వకు ఆరోగ్యం అంతంతమాత్రం, నేను నేర్చుకునేదాకా ఆమె ఉండొద్దా? ఇవన్నీ అనేశాను. "అందుకే రేపటి నుంచి కాదు, ఈ పొద్దే మొదలుపెడదాం" అన్నారామె. మా కన్నడ అక్షరాలూ తెలుగు అక్షరాలూ అక్కచెల్లెళ్ళే కాబట్టి అనుకున్నంత కష్టం కాలేదు. కదిలే రైల్లో నేను రాసే గీతలు చూసి మేరీ మాత్రం బాగా నవ్వుకుంది. కొన్ని వారాలకు అవ్వ కథ మళ్ళీ రాశాను. వంకరటింకర అక్షరాలు, అడుగడుక్కీ కొట్టివేతలు. టీచరుకు ఇస్తే చదవకుండానే మడిచి సంచిలో పెట్టుకున్నారు. "ఆదివారం మీ ఊరికి పోదాం. నేనే చదువుతా. ఈసారి నువ్వు రాసిందే చదువుతా" అన్నారు.

శ్రీనివాసపురంలో బస్సు మారి గౌనిపల్లి చేరాం. అవ్వ పక్కనే పీట వేసుకుని టీచరు చదవడం మొదలుపెట్టారు. బడిలో పాఠం చదివినట్టు కాదు, రైల్లో మాట్లాడినట్టు చదివారు. అవ్వ మొదట ఊరికే వింటోంది. పురుగులు ఆకు తినే చోటికి వచ్చేసరికి మెడ ఎత్తింది. "వానొచ్చె వానొచ్చె అని అరుచుకుంటా వాకిట్లోకి ఉరికినాను. బయట చూస్తే ఎండ" అని టీచరు చదివారో లేదో, అవ్వ చేయి అడ్డం పెట్టింది.

"యా ఎండ? ఎవురు చెప్పింది ఎండని?" అంది. గొంతులో అంత కోపం నేనెప్పుడూ వినలేదు. "వాన వచ్చినాది ఆ పొద్దు! చినుకులు నా చేతి మింద పడె. నేను రాగులు ఎత్తేసరికి నిలిచిపాయె. మీ తాత లేచి బయటికొచ్చేసరికి ఎండొచ్చేసె. ఆ మనిషి ఊరంతా చెప్పుకోని నగినాడు. నేను రాగులు కాపాడితే, తిక్కదాన్ని చేసిరి నన్ను."

"ఇన్నేళ్ళూ చెప్పలేదే అవ్వా?"

"ఎవురు అడిగిరి?"

"పోయినసారి ఫోన్లో విన్నావు కదా. అప్పుడూ ఏమీ అనలేదే?"

"అది నాది కాదు కదమ్మా" అంది అవ్వ. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, అంతలోనే నా మీద విసుక్కుంది. "రాసేదానివి నన్ను అడిగి రాయొద్దా?"

తిరుగు బస్సులో టీచరు నా కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కిటికీ బయట మామిడి తోటలు పోతున్నాయి. "ఉండాది అని రాసిన పిల్లోళ్ళందరికీ సున్నాలు చుట్టినాను పాపా" అన్నారు ఉన్నట్టుండి. "వాళ్ళ ఇండ్లల్లో ఎంతమంది అవ్వలుండిరో." మీరు దిద్దకపోతే నాకు అక్షరం ముక్క వచ్చేదా టీచర్ అన్నాను. నిజమే అన్నాను కానీ ఆమెకు అది ఓదార్పు కాలేదు. కాసేపటికి ఆమే తేరుకుని, "రేపు బంగారపేటలో మొదలుపెట్టు. ఈ తూరి వాన రానీ" అన్నారు. మరునాడు చెప్పాను, తరువాత రాశాను. అవ్వకు నేనే చదివి వినిపించాను. ఆమె బాగుందనలేదు. రాగులు తడవలేదని రాసినావా అని మాత్రం రెట్టించి అడిగింది. ఆ ఏడే పోయింది.

ఈ మాటలు రాస్తున్న తెలుగు, ఈ పుస్తకాల తెలుగు, టీచరు పెట్టిన భిక్షే. దీన్ని నేనెప్పుడూ చిన్నచూపు చూడను. కానీ కథలో ఎవరైనా నోరు విప్పారంటే నా కలం కాసేపు ఆగుతుంది. అది ఎవరి బతుకో వాళ్ళకే మొదట చదివి వినిపిస్తాను. వాళ్ళు మర్యాదగా తల ఊపితే నాకు భయం వేస్తుంది. అడ్డం తగిలి పోట్లాడితే హాయిగా ఊపిరి పీల్చుకుని మళ్ళీ రాస్తాను. ఇప్పటిదాకా ఏ కథనూ అట్లా వినిపించకుండా బయటికి పంపలేదు, ఇదొక్కటి తప్ప. కమలమ్మ టీచరు పోయి రెండేళ్ళవుతోంది. ఇదంతా ఆమె గురించి నేను చెప్పిన మాటే. ఇందులో ఏ చోట ఆమె చేయి అడ్డం పెట్టి "అట్లా కాదు పాపా" అనేవారో నాకు తెలియదు.