బస్సు నడిపే ఒరెస్ట్ నోరు జారిన రోజు

బస్సు నడిపేవాణ్ణి ఎవరూ మనిషిగా లెక్కపెట్టరు. అతని వెనక కూర్చుని ఏమైనా మాట్లాడుకోవచ్చు. ఎవరి నాన్న మళ్ళీ తాగుడు మొదలుపెట్టాడో, లెక్కల పరీక్షలో ఎవరు ఎవరిది చూసి రాశారో, ఎవరికి ఎవరి మీద మనసుందో, కలీనా స్కూలు పిల్లలు అన్నీ ఒరెస్ట్ హ్నాట్యుక్ వీపు వెనకే చెప్పుకునేవారు. ఒరెస్ట్ కోసేసిన గోధుమ పొలాల మధ్య రోడ్డు చూసుకుంటూ నడిపేవాడు. విన్నది విన్నచోటే వదిలేసేవాడు. భార్య వెర్లాకు కూడా చెప్పేవాడు కాదు. తనలో చెప్పుకోదగ్గది అదొక్కటేనని అతనికి తెలుసు. ఇంకేమీ లేదని కూడా తెలుసు.

అరవై దాటిన మనిషి. చదువు పదో తరగతిలో ఆగింది. సెప్టెంబరు వస్తే కోత, కోత వస్తే నాన్న కంబైను పక్కన ధాన్యం లారీ తోలడానికి ఒక మనిషి కావాలి. అదే సెప్టెంబరులో తోటివాళ్ళంతా స్కూలు మైదానంలో ఫుట్‌బాల్ ఆడేవారు. ఒరెస్ట్ ఆ ఆటను లారీ కిటికీలోంచి, ధాన్యం నిలవచేసే ఎలివేటరుకు పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి చూశాడు. నాన్న పోయాక పొలం నిలవలేదు. పక్క పొలాలవాళ్ళు పెద్ద రైతులైపోయారు, ఇతను కౌలుకిచ్చి తప్పుకున్నాడు. చేతిలో మిగిలిన విద్య తోలడం. అలా బస్సు ఎక్కాడు.

ఊళ్ళో హోటల్లో పొద్దున్నే కాఫీకి చేరే మగవాళ్ళ బల్ల ఒకటుంది. దానికి పెద్ద లైల్ డూబిక్, ఎలివేటరు మేనేజరు. చదువుకునే రోజుల్లో రెండేళ్ళు స్కూలు జట్టులో ఆడాడు. అప్పుడు ఓడిపోయిన ఆటలన్నీ నలభై ఏళ్ళుగా ఆ బల్ల మీద గెలుస్తూ ఉన్నాడు. ఏ కోచ్ ఎక్కడ తప్పు చేశాడో, ఎవణ్ణి ఎక్కడ నిలబెట్టాల్సిందో అన్నీ అతనికి తెలుసు. అతను ఏమన్నా పక్కనుంచి ఎరువుల కొట్టు వాల్టర్ జుబ్కో ఒక జోకు తగిలిస్తాడు. ఒరెస్ట్ బల్ల చివర కూర్చుని కాఫీలో చెంచా తిప్పుతూ నవ్వేవాడు. ఆ బల్ల దగ్గర అతని ఉద్యోగం నవ్వడమే.

ఆ నవంబరు శనివారం కలీనా కుర్రాళ్ళకు సెమీఫైనల్. హాల్‌బర్గ్ స్కూలుతో, రెండు ఊళ్ళకూ మధ్యలో ఉన్న యార్క్‌టన్ మైదానంలో. పొద్దున్న బస్సులో కోచ్ డానిల్చుక్ సీట్ల మధ్య నిలబడి, రెండు పక్కలా సీట్లు పట్టుకుని, ఒక ఎత్తు చెప్పాడు.

అక్కడి ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, పది గజాలు పోవడానికి మూడే అవకాశాలు. రెండు అయిపోయి ఇంకా దూరం మిగిలితే, మూడోసారి బంతిని కాలితో దూరంగా తన్ని అవతలివాళ్ళకు వదిలేస్తారు. తన్నుతున్నారని తెలియగానే అవతలివాళ్ళు వీపు తిప్పి వెనక్కి పరుగెత్తుతారు. అయితే తన్నినవాడే ముందుకు పరుగెత్తి తన బంతి తానే పట్టుకుంటే ఆట మళ్ళీ వాళ్ళదే. రూలు అందరికీ తెలుసు. ధైర్యం చేసేవాడు పదేళ్ళకొకడు కూడా ఉండడు. కలీనా జట్టులో బంతి తన్నేది కైరన్ ఒలెక్సిన్, పన్నెండో తరగతి కుర్రాడు. వాడు రెండు వారాలుగా స్కూలు వెనక, ఎవరూ లేనప్పుడు, అదే సాధన చేస్తున్నాడు. కుడివైపుకు, ఎత్తుగా, పదిహేను గజాలు. వాడేది ఆట చివరి క్వార్టరులో, ఒకే ఒక్కసారి.

"కోచ్, ఒరెస్ట్ గారు వింటున్నారు," అన్నాడు వెనకనుంచి ఒకడు.

"వింటే విననీరా. ఆయన నోట్లోంచి ఇన్నేళ్ళలో ఒక్క మాట బయటికొచ్చిందా?"

అందరూ నవ్వారు. ఒరెస్ట్ అద్దంలో కోచ్‌ను చూసి తల ఊపాడు. ఆ మాటకు అతని ఛాతీ కాస్త పొంగింది.

మైదానం బయట ట్రక్కులన్నీ వెనక్కి తిప్పి, వెనక తలుపులు దించి వరసగా నిలబెట్టారు. చిన్న గ్యాస్ పొయ్యిల మీద వెల్లుల్లి సాసేజ్ వేగుతోంది. ఒకామె అల్యూమినియం రేకు కప్పిన పళ్ళెంలో ఆలుగడ్డ కూరిన పెరోగీలు తెచ్చింది. కాఫీ ఫ్లాస్కుల్లో ఉన్నది కాఫీ మాత్రమే కాదు. కలీనా స్కూలు రంగు నీలం, హాల్‌బర్గ్‌ది మెరూన్. కానీ పెద్దవాళ్ళలో ముప్పాతికమంది ఒంటి మీద ఆకుపచ్చ జాకెట్టే. అది రాష్ట్రం జట్టు రఫ్‌రైడర్స్ రంగు, మర్నాడు రెజైనాలో వాళ్ళ ఆట ఉంది. లేకపోయినా అదే వేసుకునేవారు. ఆ రాష్ట్రంలో నవంబరు చలికి వేరే జాకెట్ కొనుక్కునే ఆలోచన ఎవరికీ రాదు.

లైల్ తన ట్రక్కు వెనక ఒక అట్టముక్క పరిచి, దాని మీద ఆవపచ్చడి సీసాతో గీతలు గీసి యుద్ధం నడుపుతున్నాడు. సాసేజ్ ముక్కలు హాల్‌బర్గ్, ఊరగాయ ముక్కలు కలీనా. కోచ్‌కు దమ్ము లేదన్నాడు. రెండుసార్లు మధ్యలోకి గుద్దడం, మూడోసారి తన్ని పారెయ్యడం, ఇంతేగా వాడికి తెలిసిందన్నాడు. తానైతే ఎడమవైపునుంచి పరుగెత్తించేవాణ్ణన్నాడు. చుట్టూ ఏడెనిమిదిమంది తింటూ వింటున్నారు. అందులో ఒకతన్ని ఒరెస్ట్ ఎరగడు. పొడుగాటి మనిషి, దవడ పెద్దది, ఆకుపచ్చ జాకెట్, చేతిలో కాగితం ప్లేటు. ఎవరి చుట్టమో అనుకున్నాడు.

"ఏరా ఒరెస్టూ, పిల్లల్ని తోలుకొచ్చినోడివి. నువ్వు చెప్పు, ఏం చేస్తారంటావ్?" అన్నాడు లైల్.

"వాణ్ణెందుకు అడుగుతావ్? ఎడమ కుడి తప్ప వాడికేం తెలుసు?" అన్నాడు వాల్టర్.

"అదీ సిగ్నలు వేస్తేనే," అన్నాడు లైల్. "పాపం, ఆట ఎప్పుడు చూశాడ్రా వాడు? లారీలోంచి, పోతూ సగం, వస్తూ సగం."

అందరూ నవ్వారు. ఒరెస్ట్ కూడా అలవాటుగా నవ్వడం మొదలుపెట్టాడు. అప్పుడే ఆ కొత్త మనిషి కూడా నవ్వాడు. లైల్ నవ్వితే, వాల్టర్ నవ్వితే ఒరెస్ట్ అరిగించుకోగలడు. వాళ్ళకు ఆ హక్కు తానే ఇచ్చాడు. తన పేరు కూడా తెలియనివాడు తన లారీని చూసి నవ్వడం అరగలేదు.

"మూడోది తన్ని పారెయ్యడానికి కాదులే," అన్నాడు.

"మరెందుకు, పూజకా?"

ఒరెస్ట్ లైల్ చేతిలోంచి ఆవపచ్చడి సీసా లాక్కున్నాడు. అట్ట మీద కుడివైపుకు ఒక గీత గీశాడు. ఒక ఊరగాయ ముక్క తీసి ఆ గీత చివర పెట్టాడు. చివరి క్వార్టరులో అన్నాడు, కైరన్ అన్నాడు, వాడు తన్ని వాడే పట్టుకుంటాడు, చూస్తూ ఉండండన్నాడు. మాటలు వాటంతటవే వస్తున్నాయి. ఎవరూ నమలడం లేదు. లైల్ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆ నోటికి అడ్డం పడటం ఇంత తేలికని తెలిసి ఉంటే నలభై ఏళ్ళు ఎందుకు నవ్వాడో ఒరెస్ట్‌కు అర్థం కాలేదు.

"ఎంత దూరం తన్నుతాడంటారు?" అని అడిగాడు కొత్త మనిషి.

అంటావ్ అనలేదు, అంటారు అన్నాడు. ఆ మర్యాదకు ఒరెస్ట్ కరిగిపోయాడు.

"పదిహేను గజాలండీ. అంతే. గీత గీసినట్టు."

ఆ మనిషి ప్లేటు మడిచి చెత్తడబ్బాలో వేసి, సాసేజ్ బాగుందని చెప్పి వెళ్ళిపోయాడు.

హాఫ్‌టైంకి కలీనా నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. కాఫీ తెచ్చుకుందామని లేచిన ఒరెస్ట్ ఎదుటి గ్యాలరీ వైపు చూశాడు. మెరూన్ టోపీల మధ్య, ఆకుపచ్చ జాకెట్లో ఆ పొడుగాటి మనిషి కనబడ్డాడు. ఆ మనిషి కంచె మీదికి వంగి హాల్‌బర్గ్ కుర్రాడు ఒకడితో మాట్లాడుతున్నాడు. కుర్రాడి వీపు మీద ముప్ఫై నాలుగు. హెల్మెట్ తీసి ఉంది. దవడ తండ్రిదే. తండ్రి అరచేతిని గాల్లో కుడివైపుకు వాల్చి చూపించాడు. కుర్రాడు తల ఊపాడు.

ఒరెస్ట్ కాఫీ మాట మరిచి ఆ అరచేతినే చూశాడు. ఆ మనిషి గూఢచారి కాదు. కొడుకు ఆట చూడ్డానికి వచ్చిన తండ్రి, ఆకలేసి సాసేజ్ వాసనకు వచ్చాడు. ఎవరో పిలిచి చెబితే విన్నాడు. ఏ తండ్రి మాత్రం కొడుక్కు చెప్పడు?

ఇంకా సమయం ఉంది. కోచ్ చెవిన ఒక్క మాట వేస్తే ఆ ఎత్తు మానేస్తాడు. ఒరెస్ట్ మెట్లు దిగి బెంచీ దగ్గరికి నడిచాడు. కోచ్ పిల్లలకు ఏదో చెబుతున్నవాడు ఆగి, "ఏంటి ఒరెస్ట్?" అన్నాడు.

పిల్లలంతా తల తిప్పి చూశారు. కైరన్ నీళ్ళు తాగుతూ చూశాడు. చెప్పాలంటే ఎలా తెలిసిందో చెప్పాలి. ఎలా తెలిసిందో చెప్పాలంటే ఆవపచ్చడి సీసా సంగతి చెప్పాలి.

"బస్సులో హీటరు... ఇప్పట్నుంచే వేసి ఉంచమంటావా?"

"ఇంకా సగం ఆట ఉంది కదయ్యా."

"సరే," అని ఒరెస్ట్ వచ్చిన దారినే తిరిగాడు. ఆ కుర్రాడికి అర్థమై ఉండదులే అనుకుంటూ మెట్లెక్కాడు. అసలు కోచ్ ఆ ఎత్తు వాడకపోవచ్చు అనుకున్నాడు. పిరికివాడికి ఇలాంటివి ఎన్నైనా తడతాయి.

చివరి క్వార్టరు సగంలో కోచ్ వాడాడు. మూడో అవకాశం, ఇంకా ఎనిమిది గజాలు. కైరన్ తన్నాడు. బంతి స్కూలు వెనక ఎలా లేచేదో అలాగే లేచింది. హాల్‌బర్గ్ కుర్రాళ్ళంతా వీపు తిప్పి వెనక్కి పరుగెత్తారు. ముప్ఫై నాలుగు పరుగెత్తలేదు. కైరన్‌కు కుడివైపుకు నాలుగడుగులు జరిగి, కౌంటరు ముందు తన వంతు వచ్చినవాడిలా తాపీగా నిలబడ్డాడు. ఆకాశం వైపే చూస్తూ పరుగెత్తుకొచ్చిన కైరన్ ఆ ఛాతీకి ముఖం పెట్టి గుద్దుకుని కింద పడ్డాడు. బంతి ముప్ఫై నాలుగు చేతుల్లో పడింది. వాడి ముందు ఖాళీ మైదానం. అవతలి గీత దాకా వాణ్ణి ఆపినవాడు లేడు. ఆట అక్కడే అయిపోయింది. మిగిలిన నిమిషాలు ఊరికే గడిచాయి.

కలీనా గ్యాలరీలో జనం లేచి దుప్పట్లు మడుచుకున్నారు. వాల్టర్ ఒకసారి ఒరెస్ట్‌ను చూసి, చూపు తన బూట్ల మీదికి దించుకున్నాడు. ఆ అట్టముక్క చుట్టూ నిలబడ్డవాళ్ళలో ప్రతివాడికీ తెలుసు. అప్పుడు లైల్ గొంతు సవరించుకున్నాడు.

"కళ్ళతో చెప్పేశాడు పిల్లాడు. తన్నకముందే కుడివైపు చూశాడు. చూశాడా లేదా ఒరెస్టూ?"

లైల్ అందించిన తాడు అది. తన కోసమూ వేసుకున్నాడు, ఒరెస్ట్ కోసమూ వేశాడు. ఒరెస్ట్ దాన్ని పట్టుకున్నాడు. తల ఊపాడు.

తిరుగు ప్రయాణంలో ఎండ పొలాల అంచుకు వాలింది. కైరన్ డ్రైవరు వెనక సీట్లోనే కూర్చున్నాడు. పెదవి వాచింది. గుడ్డలో చుట్టిన ఐసు నోటికి అద్దుకుంటున్నాడు. వాడికి ఇక స్కూలు ఆట లేదు. ఇదే ఆఖరిది. వెనకనుంచి ఒక కుర్రాడు, గ్యాలరీలో అందరూ అంటున్నారు, నువ్వు ముందే అటు చూశావట, అన్నాడు. ఇంకొకడు, ప్రాక్టీసులోనూ చూసేవాడివి, నేను చెప్పాను కదా, అన్నాడు. కోచ్ వాళ్ళను ఆపలేదు. ఆయనా అదే అనుకుంటున్నాడని ఒరెస్ట్‌కు అద్దంలో తెలుస్తూనే ఉంది.

కైరన్ ఐసు తీశాడు.

"చూశానేమో," అన్నాడు. "గుర్తులేదు. చూసే ఉంటాను."

ఎదురు తిరిగి ఉంటే ఒరెస్ట్ ఊరు దాకా నోరు మూసుకుని నడిపేసేవాడేమో. వాడు నమ్మాడు. చెయ్యని తప్పును వెతికి వెతికి తనలో చూసుకుంటున్నాడు. ఒరెస్ట్ బస్సును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. వెనక్కి తిరగలేదు. ముందు అద్దానికి చెప్పినట్టు చెప్పాడు.

"వాడు చూళ్ళేదు. నేను చెప్పాను."

"ఎవరికి?" అన్నాడు కోచ్.

"లైల్ వాళ్ళకి. సాసేజ్ తింటూ. అక్కడ హాల్‌బర్గ్ అతనొకడున్నాడు. నాకు తెలీదు కోచ్. పచ్చ జాకెట్ వేసుకున్నాడు."

"అందరూ వేసుకునేది అదేగా."

"అవును."

కోచ్ లేచి ముందుకొచ్చాడు. కోపంగా లేడు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టున్నాడు.

"హాఫ్‌టైంలో నా దగ్గరికొచ్చావు."

"వచ్చాను."

"హీటరు అన్నావు."

ఒరెస్ట్ స్టీరింగ్ మీద చేతులు చూసుకున్నాడు.

"అప్పటికే తెలుసా నీకు?"

తెలియదు అంటే సరిపోయేది. నోరు జారిన ముసలివాడిగా మిగిలిపోయేవాడు. పిల్లలు ఒక నెల తిట్టి, తర్వాత జోకు చేసుకునేవారు. కానీ వెనక సీట్లో ఐసుగుడ్డ నీళ్ళు కారుతున్న చప్పుడు వినబడుతోంది.

"తెలుసు," అన్నాడు.

కోచ్ కిటికీలోంచి పొలాల వైపు చూశాడు. "పోనీ, చీకటి పడుతోంది," అని తన సీట్లోకి వెళ్ళిపోయాడు. ఒరెస్ట్ బస్సును మళ్ళీ రోడ్డెక్కించి ఊరి వైపు నడిపాడు. తిడితే బావుండునని ఒరెస్ట్ ఎదురుచూశాడు. ఎవరూ తిట్టలేదు.

స్కూలు ముందు తలుపు తీశాడు. బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్స్ చెప్పడం ఆ ఊరి పిల్లలకు తుమ్మినంత అలవాటు. ఆవేళ ఒక్కొక్కడే మెట్టు దాకా వచ్చి, నోరు తెరవబోయి, మూసుకుని దిగిపోయాడు. కోచ్ కూడా దిగాడు. ఆఖరున కైరన్ సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. తల వంచుకుని, వాచిన పెదవితోనే, చూడకుండా, "థాంక్స్ ఒరెస్ట్ గారూ," అనేశాడు. అన్నాక తెలిసింది వాడికి. మెట్టు మీదే ఆగిపోయాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. తానేదో తప్పు చేసినట్టు ఒరెస్ట్ ముఖంలోకి ఒక్కసారి చూసి, గబగబా దిగి, దూరంగా వాళ్ళమ్మ కారు వైపు నడిచాడు.

ఒరెస్ట్ తలుపు మూయలేదు. చలి లోపలికి కొడుతోంది. ఆ పిల్లాడు సిగ్గుపడేలా చేసింది కూడా తానే. సోమవారం పొద్దున్న ఆ ఇంటి ముందే మళ్ళీ బస్సు ఆపాలి. వాడు ఎక్కాలి.