వెనక స్పీకర్లలో మగ్గం

కొత్తవాడలో మా బాపు జంపఖానాలు నేసేవాడు. మోకాళ్ల నొప్పులతో ఇక మగ్గం ఎక్కలేనని చెప్పిన వారమే షెడ్డు నాలుగు మూలలా నాలుగు ఫోన్లు పెట్టి, ఆయన చివరి జంపఖానా నేస్తుండగా వీడియో తీశాను, చప్పుడంతా పట్టాను. దాన్ని డీవీడీ చేసి, ఇంట్లో ఉన్న ఐదు స్పీకర్లలోనూ వినాలని నా పంతం.

కొన్న సినిమా డిస్కు వేస్తే ఐదూ మోగేవి. నేను చేసిన డిస్కు వేస్తే ముందున్న రెండే మోగేవి. వైర్లు పీకి మళ్లీ పెట్టాను, ప్లేయర్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను. పనికిరాకుండా పోయిన ఏడు డిస్కులనూ అమ్మ పిట్టలు రాకుండా జామచెట్టుకు కట్టింది. అవి ఎండలో తళతళలాడుతుంటే నాకు ఒళ్లు మండేది.

తీరా చూస్తే తప్పు వైర్లది కాదు. డిస్కు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో ‘స్టీరియో’ దగ్గర టిక్కు ఉంది. నాలుగు మూలల చప్పుడునూ అది ప్రతిసారీ రెండుగా కలిపేస్తోంది. దాన్ని ఐదు స్పీకర్లకూ విడివిడిగా పంపే 5.1కి మార్చి ఎనిమిదో డిస్కు వేశాను.

పోగును బిగించే ఇనుప పంజా దెబ్బ సరిగ్గా నా వీపు వెనక పడింది. అమ్మయ్య అనుకుని అక్కడే కింద కూలబడ్డాను.

సోఫాలో పేపరు చదువుతున్న బాపు మాత్రం చటుక్కున వెనక్కి తిరిగాడు.

“ఎవలు నేస్తాండ్రు? పంజా గట్ల మెల్లగ కొడ్తె పోగు కూసుంటదా?”

“నువ్వే బాపూ.”

పేపరు మడిచి పక్కన పెట్టాడు.

“జర సౌండ్ పెంచు,” అన్నాడు.