నల్ల దేవుడికి తెల్ల ముఖం

నాందేడ్‌లో మా వడ్రంగి కార్ఖానాకు బాపు, అంటే మా నాన్న, కంప్యూటర్‌తో బొమ్మలు చెక్కే యంత్రం తెచ్చినప్పుడు, ఆయన అన్న, మా పెద్దబాపు, దానివంక చూడనైనా చూడలేదు. ఉలితో దేవుళ్లను చెక్కిన మనిషి. ఫోటో స్టూడియోలో పనిచేసి కంప్యూటర్ నేర్చుకున్నదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే. అందుకే యంత్రం ముందు కుర్చీ నాకు దక్కింది. ఆడపిల్ల కార్ఖానాలో కూర్చోవడం పెద్దబాపుకు అసలే గిట్టదు.

మొదటి పని ధర్మాబాద్ సేటు ఇంటి దేవ్‌ఘర్‌కు, అంటే పూజగదికి, రెండు తలుపులు; మొదటిదాని మీద బాలాజీ. యంత్రానికి రంగులు తెలియవు. బూడిదరంగు బొమ్మ ఇస్తే, తెల్లగా ఉన్నచోట చెక్కను ఎత్తుగా వదిలేస్తుంది, నల్లగా ఉన్నకొద్దీ లోతుగా తొలుస్తుంది. బాపుకు తొందర. నేను ఆగమంటున్నా వినకుండా గోడమీది పటాన్నే స్కాన్ చేయించి ఎక్కించాడు. మన స్వామి నలుపు, నామం తెలుపు. ముఖం ఉండాల్సిన చోట గుంత పడింది. నామం ఒక్కటే మిట్టగా నిలబడింది.

"దేవుని మొఖం తవ్విపెట్టిండ్రు," అన్నాడు పెద్దబాపు. "మిషిన్ వాపస్ చెయ్యి. పోరిని ఇంటికి తోలు."

నాకు ఒళ్లు మండింది. తొందర బాపుది, ఇంటికి పోవాల్సింది నేనా? ఆ కుర్చీ నాకు కావాలి, అంతే.

"నేను పోను. ఇంకో పలక ఇయ్యుండ్రి," అన్నాను.

ఈసారి పటం పక్కన పెట్టి బొమ్మంతా నేనే గీశాను. ముక్కు కొస అన్నిటికన్నా తెలుపు, చెంపలు కాస్త తక్కువ, కంటి మూలలు నలుపు. ఎత్తుపల్లాలు అంతుబట్టనప్పుడల్లా నా ముఖమే తడుముకున్నాను. పెద్దబాపు వచ్చి వెనక నిలబడ్డాడు.

"నల్లటి సామిని తెల్లగ చేస్తున్నవేందే, పాపం తగుల్తది."

"అది రంగు కాదు పెద్దబాపు, ఎత్తు. పాపమైతె నాకే తగలనీ," అన్నాను తల తిప్పకుండా.

స్వామి ముఖం నిండుగా వచ్చింది. పెద్దబాపు బొటనవేలితో చెంప నిమిరి చూశాడు. గరుకు కాగితం తీసుకుని నునుపు చేయడానికి కూర్చున్నాడు. అప్పటికి అదే చాలనుకున్నాను.

సేటు వచ్చి, చూసి, దండం పెట్టుకున్నాడు.

"ఎవ్వరు చేసిండ్రు?"

"మా అన్ననే," అన్నాడు బాపు అలవాటుగా. పెద్దబాపు కాదనలేదు.

నేను కుర్చీలోంచి లేచాను.

"నేను చేసిన, సేట్. రెండో తలుపు గూడ నేనే చేస్త. ఏమన్న మార్చాల్నంటె నాకు చెప్పుండ్రి, వాళ్లకు కాదు."